గాయపడ్డ సైనికుడికి ఇప్పుడు గంట గడువు లేదు: డ్రోన్ల కింద టోర్నికే, రక్తం, తరలింపు

గుండ్లకమ్మ

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల గురించి చదివినవాళ్లకి 'గోల్డెన్ అవర్' అనే మాట తెలిసే ఉంటుంది. 2009లో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఒక ఆదేశం ఇచ్చాడు. అఫ్గానిస్తాన్‌లో తీవ్రంగా గాయపడ్డ సైనికుణ్ణి, కబురు అందిన గంటలోపు సర్జన్ దగ్గరికి చేర్చి తీరాలన్నాడు. హెలికాప్టర్లు పెంచారు, చిన్న చిన్న సర్జరీ బృందాలను ముందుకు జరిపారు. అంతకుముందు గంటన్నర పట్టే తరలింపు 43 నిమిషాలకి దిగింది. గాయపడ్డవాళ్లలో వైద్యం అందేలోపే చనిపోయేవాళ్లు 16 శాతం నుంచి 10 శాతానికి తగ్గారు.

ఇప్పుడు ఉక్రెయిన్ చూడండి. గాయపడ్డవాడు కందకంలోనో, కూలిన ఇంటి కింద సెల్లార్‌లోనో గంటల తరబడి పడి ఉంటున్నాడు. ఒక్కోసారి రోజులు గడిచిపోతున్నాయి. ఖార్కివ్, జపోరిజ్జియాల్లో మన పిల్లలు ఎంబీబీఎస్ చదువుకున్నారు కాబట్టి ఆ ఊళ్ల పేర్లు మనలో చాలామందికి పరిచయమే.

నా ప్రశ్నలు మూడు. తరలింపు ఎందుకు ఆగిపోయింది? ఆగినంతసేపూ ఆ మనిషి ఒంట్లో ఏం జరుగుతుంది? అక్కడున్నవాళ్లు ఏం చేయగలరు? దయచేసి వీడియోలు పెట్టకండి. పని ఎలా జరుగుతుందో, ఎక్కడ చెడుతుందో తెలిసినవాళ్లు రాయండి.

---

మత్తుసూది (అనస్థీషియా)

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

పెద్దమనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. తొడలోని పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. 2001 నుంచి 2011 దాకా చనిపోయిన 4,596 మంది అమెరికా సైనికుల రికార్డులు తిరగేస్తే, 87 శాతం మంది ఆస్పత్రి గడప తొక్కకముందే పోయారని తేలింది. వాళ్లలో నాలుగో వంతు మందిని బతికించే వీలుండేది. ఆ నాలుగో వంతులో నూటికి 90 మంది పోయింది రక్తస్రావం వల్లే.

టోర్నికే చేసే పని చిన్నదే. చేతికో కాలికో పట్టీ చుట్టి, దానికున్న కడ్డీని తిప్పి, ధమని మూసుకునేదాకా బిగించడం. 1990ల దాకా దీన్ని 'ఆఖరి మార్గం' అనే పాఠం చెప్పేవాళ్లు, కట్టు కడితే కాలు పోతుందనే భయం. 1996లో వచ్చిన టీసీసీసీ పద్ధతి, అంటే యుద్ధంలో క్షతగాత్రుల సంరక్షణ నియమావళి, ఆ పాఠాన్ని తిరగరాసింది. బాగ్దాద్ ఆస్పత్రిలో చేసిన అధ్యయనం దానికి బలం ఇచ్చింది. మనిషి షాక్‌లోకి, అంటే రక్తం చాలక బీపీ పడిపోయే స్థితిలోకి, జారకముందే టోర్నికే పడితే 90 శాతం మంది బతికారు. షాక్‌లోకి వెళ్లాక వేస్తే 10 శాతమే.

వేసే తీరు:

కాల్పులు జరుగుతుంటే గాయం ఎక్కడుందో వెతుకుతూ కూర్చోరు. బట్టల మీదే, చేయి లేదా కాలికి వీలైనంత పైన వేసి బిగిస్తారు. కొంచెం మరుగు దొరికాక బట్ట కత్తిరించి గాయం చూస్తారు. గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, చర్మం మీదే రెండోది వేస్తారు. మోకాలి మీదా మోచేతి మీదా వేయకూడదు.

కడ్డీ తిప్పే ముందు పట్టీని చేత్తో గట్టిగా లాగి వదులు తీసేయాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. వదులు ఉంచి కడ్డీతోనే బిగిద్దామని చూస్తే పట్టీ మెలిపడుతుంది, ఒక్కోసారి కడ్డీ విరుగుతుంది. వదులు సరిగ్గా తీస్తే సుమారు మూడు తిప్పులకే రక్తం ఆగుతుంది. ఆగిందనడానికి గుర్తులు రెండు: గాయం నుంచి కారడం నిలిచిపోవాలి, పాదం దగ్గరో మణికట్టు దగ్గరో నాడి అందకూడదు. నాడి ఇంకా కొట్టుకుంటుంటే సిరలు మాత్రమే మూసుకున్నట్టు. అప్పుడు లోపలికి రక్తం వస్తూనే ఉంటుంది, తిరిగి వెళ్లే దారి ఉండదు, స్రావం ఇంకా పెరుగుతుంది. సగం బిగించిన కట్టు అసలు కట్టనిదాని కంటే చేటు.

వేసిన టైమ్ రాయాలి. పట్టీ మీద రాస్తే చెరిగిపోవచ్చు, నుదుటి మీద మార్కర్‌తో కూడా రాస్తారు.

---

పొలంగట్టు

డాక్టర్ గారూ, చిన్న సందేహం. మా వైపు పాము కరిస్తే పైన తాడుతో గట్టిగా కడతారు. అదీ ఇదీ ఒకటేనా?

---

మత్తుసూది

ఒకటి కాదండీ. పాము కాటుకి కట్టు కట్టకూడదు. విషం ఒకే చోట నిలిచి అక్కడి కండ కుళ్లుతుంది, రక్తం అందక కాలు చచ్చుబడుతుంది. కరిచిన కాలుని కదలకుండా ఉంచి, యాంటీ స్నేక్ వెనమ్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లడమే మార్గం. ఎవరైనా ముందే కట్టి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పొద్దు, ఆస్పత్రిలో మందు సిద్ధం చేసుకున్నాకే విప్పాలి. టోర్నికే చేతులు, కాళ్ల నుంచి ఆగకుండా కారే రక్తానికి మాత్రమే.

---

తీగలమేస్త్రి (రేడియో, డ్రోన్ ఎలక్ట్రానిక్స్)

మొదటి ప్రశ్నకి నేను జవాబు చెబుతాను.

అఫ్గానిస్తాన్‌లో గంట గడువు నిలబడిందంటే ఆకాశం ఒక పక్షం చేతిలోనే ఉండటం వల్ల. ఉక్రెయిన్ ముందు వరుసలో రెండు పక్షాల దగ్గరా భుజం మీద పెట్టి పేల్చే క్షిపణులు, రాడార్ వ్యవస్థలు ఉన్నాయి. హెలికాప్టర్ అక్కడికి రాలేదు. 2022లో ఆ లోటుని కవచం ఉన్న అంబులెన్స్ కొంతవరకు తీర్చింది. 2023 నుంచి ఎఫ్‌పీవీ డ్రోన్లు ఆ దారినీ మూసేశాయి.

ఎఫ్‌పీవీ అంటే నడిపేవాడు కళ్లద్దాల్లో కెమెరా దృశ్యం చూస్తూ నేరుగా లక్ష్యానికి గుద్దే డ్రోన్. ఖరీదు కొన్ని వందల డాలర్లు. పది అంగుళాల రెక్కలున్నది రెండు మూడు కిలోల పేలుడు సామగ్రి మోస్తుంది. మొదట్లో జామర్ (రేడియో సంకేతాలను చెడగొట్టే పరికరం) ఉన్న బండి బతికి బయటపడేది, ఎందుకంటే డ్రోన్ రేడియో మీద నడిచేది. 2024లో ఆప్టికల్ ఫైబర్ డ్రోన్లు పెద్ద ఎత్తున వచ్చాయి. డ్రోన్ కింద ఒక రీలు ఉంటుంది, ఎగిరే కొద్దీ వెంట్రుక లాంటి గాజు దారం వదులుతూ పోతుంది. పది కిలోమీటర్ల రీలు సాధారణం, ఇరవై దాకా వెళ్లేవీ ఉన్నాయి. రేడియో సంకేతమే లేనప్పుడు జామర్ దేన్ని అడ్డుకుంటుంది? పైగా నేలకి దగ్గరగా దిగినా చిత్రం చెడదు కాబట్టి రోడ్డు పక్కన వాలి, మోటార్లు ఆపుకుని, బండి వచ్చేదాకా కాచుకుని ఉండగలదు.

దాని బలహీనతలు లేకపోలేదు. దారం చెట్లకి తగులుకుంటుంది, రీలు బరువుకి పేలుడు సామగ్రి తగ్గించుకోవాలి, పదునైన మలుపులు తీసుకోలేదు. అందుకే రోడ్ల మీద కిలోమీటర్ల పొడవున చేపల వలల లాంటివి కడుతున్నారు. డ్రోన్ రెక్కలు వలలో చిక్కుకుంటాయి. వల చిరిగిన చోటు మాత్రం ఎదుటివాడికీ తెలిసిపోతుంది, తర్వాతి డ్రోన్ ఆ కంతలోంచే వస్తుంది. రోజూ బాగుచేయని వల మీద నమ్మకం పెట్టుకోలేం.

థర్మల్ కెమెరాల వల్ల రాత్రి కూడా మరుగు కాకుండా పోయింది. మనిషి ఒంటి వేడి, బండి ఇంజిన్ వేడి తెల్లగా కనిపిస్తాయి. కాబట్టి తరలింపుకి ఎదురుచూసేది పొగమంచు కోసం, వాన కోసం, గట్టి గాలి కోసం. తెల్లవారేటప్పుడూ, పొద్దుగూకేటప్పుడూ నేల వేడీ మనిషి వేడీ దగ్గరగా ఉండే కొద్దిసేపు కూడా పనికొస్తుంది. ముందు వరుస నుంచి పదిహేను, ఇరవై కిలోమీటర్ల దాకా ఇదే స్థితి.

---

ఫిరంగి

మరి ఆ నేల రోబోల సంగతి? మనిషిని పంపకుండా స్ట్రెచర్ బండినే పంపితే తీరిపోదా?

---

తీగలమేస్త్రి

పంపుతున్నారు, బతికినవాళ్లూ ఉన్నారు. దాన్ని అంబులెన్స్ అనుకుంటే మాత్రం పొరపాటు. మనిషి నడకకి కాస్త అటూ ఇటూ వేగంతో వెళ్తుంది. గుట్ట అడ్డొస్తే రేడియో లింకు తెగి అక్కడే నిలబడిపోతుంది. బురదలో కూరుకుంటుంది, మందుపాతర తొక్కుతుంది. పైన పడుకున్నవాడి పక్కన ఎవరూ ఉండరు. కట్టు జారినా, వాంతి గొంతుకి అడ్డం పడినా చూసేవాళ్లు లేరు. అందుకని ఎక్కించే ముందే కట్లన్నీ మళ్లీ చూసి, స్పృహ సరిగా లేనివాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, పట్టీలతో బిగించి, దుప్పటి చుట్టి పంపాలి.

---

ఫీల్డ్_ఆంబులెన్స్ (ఆర్మీ మెడికల్)

మత్తుసూది గారు చెప్పిన టోర్నికే పాఠమంతా ఒక ఊహ మీద నిలబడింది. గంటలోనో రెండు గంటల్లోనో సర్జన్ దొరుకుతాడన్నదే ఆ ఊహ. అది పోయాక అదే టోర్నికే కాళ్లు తీస్తోంది, ఒక్కోసారి ప్రాణమే తీస్తోంది. ఇందులో వస్తువు తప్పేం లేదు. వేయడం నేర్పినంత శ్రద్ధగా తీయడం నేర్పలేదు.

కట్టు కింద రక్తం అందని కండరం గంటలు గడిచేకొద్దీ చచ్చిపోతుంది. చచ్చిన కండరంలోంచి పొటాషియం, మయోగ్లోబిన్ (కండరంలో ఉండే ప్రొటీన్), ఆమ్లాలు బయటికి వచ్చి అక్కడే పోగుపడతాయి. ఆరేడు గంటల తర్వాత ఎవరైనా దయతలిచి కట్టు విప్పితే అవన్నీ ఒక్కసారిగా గుండెకి చేరతాయి. పొటాషియం గుండెని ఆపేయగలదు, మయోగ్లోబిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది.

కాబట్టి నియమం ఇది. వేసిన రెండు గంటల్లోపు, వీలైతే ఇంకా ముందే, టోర్నికే నిజంగా అవసరమా అని మళ్లీ చూడాలి. ఉక్రెయిన్‌లో వేసిన టోర్నికేల్లో చాలావాటికి అవసరమే లేదని అక్కడి సర్జన్లు గట్టిగానే చెబుతున్నారు. సిర నుంచి కారే రక్తానికీ, చిన్న శకలం గుచ్చుకున్నదానికీ కూడా చీకట్లో కంగారుగా వేసేస్తున్నారు.

టోర్నికే నుంచి మామూలు కట్టుకి మార్చే విధానం:

ముందు మూడు విషయాలు చూసుకోవాలి. మనిషి షాక్‌లో ఉండకూడదు. గాయాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. కాలో చేయో పూర్తిగా తెగిపోయి ఉండకూడదు. ఈ మూడూ సరిపోతేనే ముందుకెళ్లాలి.

గాయంలోకి రక్తం గడ్డకట్టించే గాజ్‌ని, అంటే మందు పట్టించిన పలచని గుడ్డని, వేలితో కూరాలి. పైపైన అద్దడం కాదు, ఎముక దాకా, రక్తం వచ్చే చోటుకే తగిలేలా. కుహరం నిండాక మూడు నిమిషాలు బరువంతా వేసి నొక్కిపట్టాలి. మామూలు గాజ్ అయితే ఇంకా ఎక్కువసేపు. మధ్యలో ఎత్తి చూడకూడదు, చూస్తే గడ్డ కదిలిపోతుంది. దాని మీద ప్రెజర్ బ్యాండేజీ కట్టాలి. అప్పుడు కడ్డీని మెల్లగా వదులు చేయాలి. పట్టీని మాత్రం తీసేయకూడదు, వదులుగా అక్కడే ఉంచాలి. కారడం మొదలైతే వెంటనే బిగించడానికి.

ఆరు గంటలు దాటితే ముందు వరుసలో ఎవరూ ముట్టుకోకూడదు. రక్త పరీక్ష, గుండె మానిటర్ ఉన్న చోటే తీయాలి. టైమ్ రాయడం అంత ముఖ్యమని చెప్పేది ఇందుకే. టైమ్ రాయని టోర్నికేని సర్జన్ ఆరు గంటలు దాటిందనే అనుకోవాల్సి వస్తుంది, నిలిచే కాలు కూడా పోతుంది.

చలి సంగతి కూడా చెప్పాలి. రక్తం అందని కాలు మైనస్ పదిలో చాలా త్వరగా గడ్డకడుతుంది. సియాచిన్ లాంటి చోట ఇది మనకీ వర్తిస్తుంది.

---

గుండ్లకమ్మ

సియాచిన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. వాతావరణం బాగోక హెలికాప్టర్ రాకపోవడం మనవాళ్లకి 1984 నుంచీ ఉన్నదే కదా. ఆ అనుభవం ఇక్కడ పనికొస్తుందా?

---

ఫీల్డ్_ఆంబులెన్స్

పనికొస్తుంది. అక్కడ ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాణ్ణి కిందకి దించడమే అసలు చికిత్స, చీతా హెలికాప్టర్ రాకపోతే దించలేరు. అందుకే గాలి నింపి ఒత్తిడి పెంచే సంచిలో రోగిని ఉంచి, ఆక్సిజన్ ఇస్తూ, వాతావరణం తెరిపి ఇచ్చేదాకా పోస్టులోనే కాపాడతారు. చికిత్సని రోగి ఉన్న చోటికే తీసుకెళ్లాలన్న ఆలోచన మన సైన్యానికి కొత్త కాదు. అయితే అక్కడి వైద్యం ఎక్కువగా ఎత్తుకీ చలికీ సంబంధించినది. గాయంలో గాజ్ కూరి, రక్తం ఎక్కించి, రెండు రోజులు నిలబెట్టడం వేరే నైపుణ్యం.

2025 మే 8 రాత్రి లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్ల పాకిస్తాన్ నుంచి మూడు నాలుగు వందల డ్రోన్లు వచ్చాయని మన ప్రభుత్వమే చెప్పింది. అవి గుద్దుడు డ్రోన్లుగా మారి, కొండ దారిలో స్ట్రెచర్ మోసే నలుగురి వెంట పడితే ఏం చేయాలన్నది ఇప్పుడే ఆలోచించాల్సిన విషయం.

---

వార్డు_దీపం (ఐసీయూ నర్సు)

ఎదురుచూసే ఆ పదీ ఇరవై గంటల్లో ఎక్కువ భాగం నర్సింగ్ పనే. యుద్ధం మీద రాసేవాళ్లు దీన్ని దాటేస్తారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వేడి. రక్తం పోయిన మనిషి ఎండాకాలంలో కూడా చల్లబడతాడు. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టదు, కట్టకపోతే ఇంకా కారుతుంది, కారితే ఇంకా చల్లబడతాడు. తడిబట్టలు తీసేయాలి, కింద నేలకి తగలకుండా చాపో కార్డ్‌బోర్డో వేయాలి. వేడి నేలలోకే ఎక్కువ పోతుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా కింద ఖాళీగా ఉంటే ఉపయోగం తక్కువ.

తర్వాత మందులు. రక్తపు గడ్డ కరగకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ 2 గ్రాములు, గాయమైన మూడు గంటల్లోపే. ఆ తర్వాత మేలు లేదు. నోటితో మింగగలిగితే యాంటీబయాటిక్ మాక్సిఫ్లాక్ససిన్ 400 మిల్లీగ్రాములు, నొప్పి మందు మెలాక్సికామ్ 15 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ ఒక గ్రాము. ఈ మూడూ ఒకే ప్యాకెట్‌లో ప్రతి సైనికుడి దగ్గరా ఉండాలని నియమావళి చెబుతుంది. ఇక్కడ యాస్పిరిన్, ఐబుప్రోఫెన్ వాడరు, ప్లేట్‌లెట్ల పని చెడగొడతాయి. నొప్పి భరించలేకపోతే కెటమిన్, అది మెడిక్ చేతుల మీదుగా.

తర్వాత మూత్రం. ఖాళీ నీళ్ల బాటిల్‌లో పట్టి కొలిచినా చాలు. గంటకి బరువులో కిలోకి అర మిల్లీలీటరు, అంటే 60 కిలోల మనిషికి 30 మిల్లీలీటర్లు రావాలి. తగ్గితే కిడ్నీలకి రక్తం అందడం లేదు. టీ డికాక్షన్ రంగులోకి మారితే కండరం చచ్చి మయోగ్లోబిన్ వస్తోంది. ఫీల్డ్_ఆంబులెన్స్ గారు చెప్పిన ప్రమాదం అదే. మానిటర్ లేని చోట ఆ బాటిలే మానిటర్.

కదల్లేనివాణ్ణి రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే రోజులోనే నడుము కింద పుండు మొదలవుతుంది. గంటగంటకీ నాడి, శ్వాస, స్పృహ కాగితం మీద రాయాలి. ఒక్క అంకెతో ఏమీ తెలియదు, వరుసగా పది అంకెలు చూస్తే మనిషి ఎటు పోతున్నాడో తెలుస్తుంది.

ఆస్పత్రికి చేరాక ఇంకో గండం ఉంది. మట్టి, గుడ్డపీలికలు, ఇనుప శకలాలు లోపలికి దూసుకెళ్లిన గాయాన్ని శుభ్రం చేసి తెరిచే ఉంచాలి, నాలుగైదు రోజుల తర్వాతే కుట్టాలి. ఆలస్యంగా వచ్చిన గాయాల్లో చీము తప్పడం లేదు. దానికి తోడు ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి మారుతూ పోవడంతో ఏ యాంటీబయాటిక్‌కీ లొంగని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా ఉక్రెయిన్ క్షతగాత్రుల్లో పట్టుకుంది. వాళ్లని చేర్చుకున్న యూరప్ ఆస్పత్రులు ముందు విడిగా ఉంచి పరీక్ష చేస్తున్నాయి.

---

మత్తుసూది

రక్తం గురించి నాలుగు ముక్కలు చేరుస్తాను. సెలైన్ ఎక్కిస్తే బీపీ అంకె పెరుగుతుంది కానీ ఉన్న కాస్త రక్తమూ పలచబడుతుంది. కావాల్సింది రక్తమే. 1917లో ఫ్రాన్స్‌లో ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు 'O' గ్రూపు రక్తాన్ని, గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపి, మంచుపెట్టెలో నిలవ చేసి, ముందు వరుస ఆస్పత్రులకి పంపాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు రక్తాన్ని విడి భాగాలుగా ఎక్కించే పద్ధతి నడిచింది. ఇప్పుడు సైన్యాలు మళ్లీ పూర్తి రక్తానికే వస్తున్నాయి, యాంటీబాడీలు తక్కువగా ఉన్న 'O' గ్రూపు దాతల నుంచి.

చిక్కల్లా చల్లదనంతోనే. 1 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచాలి, కందకంలో ఫ్రిజ్ ఉండదు. అందుకే బరువు మోసే పెద్ద డ్రోన్ల మీద ఇన్సులేటెడ్ పెట్టెలో పంపే ప్రయత్నాలు జరుగుతున్నాయి. మొదటి యూనిట్‌తో పాటే కాల్షియం ఒక గ్రాము ఇవ్వాలి, సంచిలోని సిట్రేట్ ఒంట్లో కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఇది మరిచిపోతే రక్తం ఎక్కుతూనే ఉంటుంది, మనిషి మాత్రం కిందకి జారుతూనే ఉంటాడు.

---

నిద్దరగన్నేరు (సైకియాట్రీ)

మనసు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1915లో చార్లెస్ మయర్స్ 'షెల్ షాక్' అనే పేరుతో కేసులు ప్రచురించాడు. యుద్ధం ముగిసేలోపే సైనిక వైద్యులు ఒక పద్ధతికి వచ్చారు. మనిషిని ఇంటికి పంపేయకుండా, ముందు వరుసకి దగ్గర్లోనే, ఆలస్యం చేయకుండా, మళ్లీ కోలుకుంటావన్న నమ్మకం ఇస్తూ నిద్ర, తిండి, విశ్రాంతి ఇవ్వడం. ఆ తర్వాత చాలా సైన్యాలు దీన్నే పట్టుకున్నాయి.

డ్రోన్లు దీని కాళ్లు కూడా విరగ్గొట్టాయి. ముందు వరుసకి దగ్గర్లో విశ్రాంతి తీసుకునే చోటే లేదు. ఫిరంగి గుండు ఎవరి మీద పడుతుందో ఎవరికీ తెలియదు. డ్రోన్ అలా కాదు, ఒక మనిషిని ఎంచుకుని తలుపు దాకా వెంబడిస్తుంది. ఆ మోటారు చప్పుడు కోసం చెవి ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, నిద్ర లోతుకి దిగదు. 24 గంటలు నిద్ర లేకపోతే పనితీరు రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే కొలిచారు. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03. టోర్నికే రెండు గంటలకి మళ్లీ చూడాల్సినవాడు ఆ స్థితిలో ఉంటున్నాడు. ఫీల్డ్_ఆంబులెన్స్ గారు చెప్పిన తప్పుల్లో కొన్ని ఇక్కడ పుడుతున్నవే.

ఇంకో సంగతి, అన్ని లక్షణాలూ భయం వల్లే కాదు. పేలుడు తరంగం మెదడులో బూడిద రంగు, తెల్ల రంగు పదార్థాలు కలిసే అంచుల వెంట మచ్చలు వదులుతుందని 2016లో చనిపోయిన సైనికుల మెదళ్లను పరీక్షించి చూపించారు. మామూలు ఎంఆర్ఐలో అవి కనిపించవు. కోపం, మతిమరుపు, తలనొప్పితో వచ్చినవాణ్ణి పిరికివాడనో నటిస్తున్నాడనో పంపేయడం వైద్యపరంగానే తప్పు. ఎన్ని పేలుళ్లకి ఎంత దగ్గర్లో ఉన్నాడో అడిగి రాసుకోవాలి. అందులో తన సొంత ఫిరంగి, తన సొంత రాకెట్ లాంచర్ పేలుళ్లు కూడా కలపాలి.

డ్రోన్ నడిపేవాళ్ల గురించి కూడా. దూరంగా కూర్చుంటారు కాబట్టి వాళ్లకేం కాదనుకోవడం సరికాదు. పైలట్ బాంబు వేసి వెళ్లిపోతాడు. వీళ్లు ఎదుటివాడి ముఖం ఆఖరి క్షణం దాకా తెర మీద చూస్తారు, రోజుకి అనేకసార్లు.

---

ఫిరంగి

ఇంత నేర్చుకోవాలంటే మామూలు జవానుకి ఎన్ని గంటల శిక్షణ కావాలి? బస్తర్ అడవుల్లో ప్రెజర్ ఐఈడీ (కాలు పడితే పేలే మందుపాతర) తొక్కే సీఆర్‌పీఎఫ్ జవాన్లకి, గ్రేహౌండ్స్ వాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది కదా.

---

ఫీల్డ్_ఆంబులెన్స్

వర్తిస్తుంది బ్రదర్. ప్రెజర్ ఐఈడీ పాదాన్ని చీల్చి మట్టిని పిక్క దాకా కండరాల మధ్యకి తోస్తుంది. పైకి కనిపించే గాయం కంటే లోపలిది పెద్దది, కాబట్టి మొదటి టోర్నికే తొడ మీదే పడాలి.

టీసీసీసీ లెక్కలో ప్రతి సైనికుడికీ ఇచ్చే ప్రాథమిక కోర్సు ఏడు గంటలు, దాని పై మెట్టు 40 గంటలు. ఏడు గంటల్లో టోర్నికే వేయడం వస్తుంది. తీయాలా వద్దా అని తేల్చుకోవడం దానితో రాదు. నా ఉద్దేశంలో ఇప్పుడు సెక్షన్‌కి, అంటే సైన్యంలోని చిన్న జట్టుకి, కనీసం ఇద్దరు 40 గంటలవాళ్లు ఉండాలి. ఒక్కడే ఉంటే గాయపడేది అతనే కావచ్చు.

సాధన చీకట్లో, చేతి తొడుగులతో, ఒంటి చేత్తో, తన తొడ మీద తానే వేసుకునేలా చేయించాలి. నిమిషం లోపు నాడి ఆగాలి. శిక్షణకి వాడిన టోర్నికేని కిట్‌లో పెట్టకూడదు, పదేపదే బిగించడంతో పట్టీ సాగుతుంది, కడ్డీకి పగుళ్లు వస్తాయి. అందుకే శిక్షణవి నీలం రంగులో విడిగా అమ్ముతారు. కొనేటప్పుడు ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించండి. నకిలీల్లో కడ్డీ వంగిపోతుంది, వెల్క్రో తడిస్తే పట్టదు. కిట్ నుంచి బయటికి తీసి జాకెట్‌కి రబ్బరు బ్యాండుతో తగిలించుకునేవాళ్లు నెలల తరబడి ఎండలో అలాగే వదిలేయకూడదు, ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. రెండు చేతులకీ అందే చోట, ప్రతి ఒక్కరూ ఒకే చోట పెట్టుకోవాలి. పక్కవాడు చీకట్లో వెతుక్కోకుండా అందుకోవాలి కదా. ముందు వాడాల్సింది గాయపడ్డవాడి టోర్నికేనే, మనది మనకి ఉంచుకోవాలి.